ఒట్టుకు కొలిచిన సూటు

పెళ్ళాం తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసే ముందు మగవాడు వాతావరణ శాఖను ఒక్క మాట అడగాలండి. నేను అడగలేదు. దాంతో ఏమైందో చెబుతాను, మీ టీ చల్లారేలోపు అయిపోతుంది. నవ్వొస్తే నవ్వండి, ఊళ్ళో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

నా పేరు గంగాధర. పేరులో గంగ ఉంది గానీ ఊరు కర్ణాటకలో కరువు సీమ పావగడ తాలూకా వల్లూరు. మా శెనక్కాయ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఆ పలకలకు పగటి కాపలా నేనే. అంటే నా చేనును ఎవరూ ఎత్తుకుపోకుండా నాకే జీతమిచ్చి కాయిస్తున్నారు. ఇంతవరకు ఎవరూ ఎత్తుకుపోలేదు, ఉద్యోగం బాగానే చేస్తున్నట్టు లెక్క.

నా భార్య పేరు మారక్క. పేరులోనే అక్క ఉంది కాబట్టి ఇంట్లో పెత్తనం ఎవరిదన్న గొడవ మాకు ఎప్పుడూ రాలేదు. ఆమె టైలరు. ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు, మగవాళ్ళకు చొక్కాలు, బడిపిల్లలకు యూనిఫారాలు కుడుతుంది. మెడలో తాళితో పాటు టేపు కూడా ఎప్పుడూ ఉంటుంది.

ఇక ఒట్టు సంగతి. పెళ్ళైన కొత్తలో మా చేని గట్టున బావి నిండా నీళ్ళు. మునకలో నన్ను కొట్టేవాడు చుట్టుపక్కల లేడు. ఎవరి బిందె పడినా, ఎవరి మోటారు పడినా నాకే కబురు. కొత్త పెళ్ళానికి గొప్ప చూపిద్దామని ఒకనాడు మునిగి, అడుగున ఉన్న రాయిని కరుచుకుని కూర్చున్నాను. పైకొచ్చేసరికి మారక్క గట్టు మీద కూలబడి ఏడుస్తోంది. చుట్టూ జనం. ఒకాయన మా మామకు కబురు చెప్పడానికి సైకిలు కూడా ఎక్కేశాడు.

"నా తల మీద చెయ్యి పెట్టు," అంది. పెట్టాను.

"ఇంగ ఆ బావినీళ్ళు నీ ఒంటికి తగలకూడదు."

"తగలనియ్యను. నీ మీద ఒట్టు."

కొత్త పెళ్ళికొడుకు కదా, ఏమడిగినా ఇచ్చేస్తాడు. పైగా ఆ పై ఏడాది నుంచి వానలు మొహం చాటేశాయి. బావి ఎండిపోయింది, అడుగున రాయి మీద తొండలు ఎండకు పడుకునేవి. నేను మాత్రం ఒట్టు తప్పని మొగుణ్ణని తలెత్తుకు తిరిగాను. నీళ్ళు లేని బావిలో మునగకుండా ఉండటం ఏమంత కష్టమని ఎవరూ అడగలేదు.

మొన్నటి వానలకు ఆ బావి నిండింది.

ఏం చెప్పమంటారు. డ్యూటీ అవగానే రోజూ వెళ్ళి గట్టు మీద నిలబడేవాణ్ణి. చిన్నప్పటి నేస్తం ఊరికొచ్చి గుమ్మంలో కూర్చుంటే పలకరించకుండా పోవాల్సి వచ్చినట్టు ఉండేది. నాకు ఒక్క మునక కావాలి. ఈ వయసు దాటితే మళ్ళీ ఊపిరి ఉంటుందో లేదో, ఆ నీళ్ళు ఉంటాయో లేదో. కానీ ఒట్టు తప్పితే పోయేది నేను కాదు, మారక్క. ఇలాంటివి నేను నమ్మనని ఊళ్ళో అందరి ముందు చాలాసార్లు అన్నాను. ఊరికే అన్నాను, గట్టిగా నమ్ముతాను.

ఒట్టు తీసెయ్యమని ఆమెనే అడగొచ్చు కదా అంటారు. అడిగితే వద్దంటుంది. అడగకపోతే వద్దనలేదన్న ధైర్యమైనా ఉంటుంది. కాపురంలో నేను నేర్చుకున్న తెలివి ఇదొక్కటే.

అలాంటి సమయంలో కాపలా గుడిసెలో కూర్చుని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒకాయన నల్లటి రబ్బరు సూటు తొడుక్కుని, సిలిండరు గిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలోకి మునిగాడు. బయటికొచ్చి సూటు ఒలిచాడు. లోపల బనీను చూస్తే ఇస్త్రీ కూడా చెదరలేదు. మధ్యలో వీడియో కత్తిరించారేమో అన్న ఆలోచన నాకు రాలేదు. నాకొచ్చిన ఆలోచన వేరే. నీళ్ళు ఒంటికి తగలకూడదని కదా ఒట్టు. సూటుకు తగిలితే ఎవరికేం?

ఈ న్యాయం సరైందో కాదో తేల్చుకోవడానికి కొల్లప్ప దగ్గరికి వెళ్ళాను. పలకల కింద గొర్రెలు మేపుతుంటాడు. ఎవరేమన్నా సరే అంటాడని ఊళ్ళో 'సరే కొల్లప్ప' అంటారు. మంచి సలహాదారు కావాలంటే అలాంటివాడే ఉండాలి.

"కొల్లప్పా, సూటు నా ఒళ్ళా?"

"యాడన్నా అయితాదా?"

"దానికి నీళ్ళు తగుల్తే నాకు తగిలినట్లా?"

"నువ్వు లోపల ఉంటావు, నీళ్ళు బయట ఉంటాయి. గొర్రికి ఉన్ని ఉన్నట్ల."

"గొర్రి తడిస్తే నాలుగు దినాలు కంపు కొడ్తాది కదప్పా."

"సరే, అది కూడా నిజమే," అన్నాడు కొల్లప్ప. నేను మొదటి మాటే తీసుకుని వచ్చేశాను.

అలాంటి సూట్లు అమ్మే బెంగళూరు అంగడికి ఫోన్ చేశాను. ఆశ అనే అమ్మాయి ఎత్తింది. కన్నడంలో మొదలుపెట్టి, నా గొంతు వినగానే తెలుగులోకి వచ్చేసింది.

"ఏ సముద్రంలో మునుగుతారు సార్?"

"మా చేన్లో."

"ఏ ఊరు సార్ మీది?"

"పావగడ."

"సార్, మాది మధుగిరి. నాకు పావగడ తెలుసు."

"అయితే నీకు తొందరగా అర్థమైతాదిలేమ్మా. మొన్న వానలు పడినాయి. సూటు లోపలికి నీళ్ళు వస్తాయా, రావా, అది చెప్పు."

"సైజు సరిగ్గా కుదిరితే దాదాపు రావు సార్. లూజైతే మాత్రం వచ్చేస్తాయి. చర్మానికి అంటుకున్నట్టు ఉండాలి. చంకల కింద, నడుం వెనకాల, గొంతు దగ్గర ఖాళీ ఉండకూడదు. మోకాళ్ళ వెనక ముడతలు పడకూడదు. అట్లని మరీ బిగుతైతే పొట్టనిండా ఊపిరి తీసుకోలేరు."

ఆ 'దాదాపు' దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కానీ మా పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల దాదాపు చెప్పిన మాట వింటుందనే అన్నారు. ఆ మాటకు అప్పుడూ ఆగలేదు.

"కొలతలు పంపించండి సార్. మెడ, ఛాతీ, నడుం, తొడ, పిక్క, చీలమండ, మణికట్టు, తలచుట్టు, బరువు కూడా. బట్ట మీద కాదు, ఒంటి మీద తీయాలి."

"మా ఇంట్లోనే టైలరు ఉండాది," అన్నాను గర్వంగా. ప్రమాదం కూడా ఆ ఇంట్లోనే ఉందని ఆ గర్వంలో తోచలేదు.

ఆ సాయంత్రం మారక్క ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"కంపెనీవాళ్ళు కొత్త యూనిఫారం ఇస్తారంట. కొలతలు కావాలన్నారు."

"నిలబడు సామీ," అని టేపు తీసింది. మెడ, ఛాతీ, నడుం అయ్యాయి. ఆమె చెప్పడం, నేను ఫోన్‌లో కొట్టుకోవడం. ఎంత తేలిగ్గా అయిపోతోందో అని సంబరపడుతున్నాను.

"తొడ కూడా," అన్నాను.

కొలిచింది.

"పిక్క."

తలెత్తి చూసింది. "ప్యాంటుకు పిక్క ఏంటికప్పా?"

"టైటుగా ఉంటాదంట."

"చీలమండ కూడానా?"

"పాములు దూరకుండా."

"మణికట్టు?"

"తేళ్ళు."

"తేలు మణికట్టు దాకా వచ్చిందంటే నువ్వు కాపలా కాయడంల్యా, నిద్ర పోతాండావు." కొలిచింది. "ఇంగేమన్నా ఉండాదా?"

"తలకాయ," అన్నాను నెమ్మదిగా.

"తలకాయలోకి ఏం దూరుతాది?"

"దుమ్ము."

"ఇన్నేండ్లుగా నేను చెప్పిందేదీ దూరల్యా. దుమ్ము దూరుతాదా?" అంటూనే తల కూడా కొలిచింది. టేపు మెడలో వేసుకుని మళ్ళీ హుక్కుల పనిలో పడింది. అనుమానం వచ్చిన ఆడది అంత నిమ్మళంగా సూది దారం చూసుకోదని నేను ధైర్యం తెచ్చుకున్నాను.

సూటు వచ్చింది. ఎంతైందని మాత్రం అడక్కండి, ఆ ప్రశ్న మారక్క కూడా ఇంకా అడగలేదు, నేనే గుర్తు చేసినట్టవుతుంది. వారం సెలవు రోజున మధ్యాహ్నం అన్నం తిని, ఆమె చాప మీద నడుం వాల్చేదాకా ఆగి, సంచి చంకలో పెట్టుకుని బావి దగ్గరి మోటారు షెడ్డుకు చేరాను. కొల్లప్ప అప్పటికే వచ్చి ఉన్నాడు.

ఆ సూటు పొడిగా తొడిగితే చిరుగుతుందట, సబ్బునీళ్ళు పోసుకుని తొడుక్కోవాలని ఆశ చెప్పింది. నీళ్ళే కదా అని కొల్లప్ప భయపడ్డాడు. ఒట్టు బావినీళ్ళకే గానీ ఫిల్టర్ నీళ్ళకు లేదని వాడికి నచ్చజెప్పి, క్యానులోని నీళ్ళలో షాంపూ కలిపి పోయించుకున్నాను. అందరూ జారి జారి తొడుక్కుంటారట. నేను ఒక్క అంగలో లోపలున్నాను. ఇంకొకరు కూడా పట్టేట్టున్నారు.

ఫోన్‌లో ఆశకు చూపించాను. "సార్, చంక కింద గిచ్చి చూడండి. బట్ట చేతికొస్తే లూజని అర్థం."

"గిచ్చేది ఏందమ్మా, పిడికిలి పోతాండాది."

"చాలా లూజు సార్. దాంతో నీళ్ళలోకి దిగకండి. వెనక్కి పంపండి, చిన్నది పంపిస్తాను."

ఎక్కడ పంపేది? ఆ బావిలో సగం వాటా మా దాయాది రామాంజినేయులుది. మర్నాటి నుంచి టొమాటోకు నీళ్ళు తోడతానని వాడు మోటారు దించడానికి సిద్ధంగా ఉన్నాడు. చిన్న సూటు వచ్చేసరికి నాకు మిగిలేది బురద. అప్పుడు కొల్లప్ప తన సైకిలు క్యారియరు మీదున్న పాత ట్యూబు చూపించాడు. వాడు జన్మలో చెప్పిన ఒకే ఒక్క సొంత ఆలోచన అది, నా మీద ప్రయోగించాడు.

ట్యూబును పట్టీలుగా కోసి మెడకు, మణికట్లకు, నడుముకు, చీలమండలకు బిగించి కట్టాం. ఎక్కడా చుక్క నీరు దూరే సందు లేదు. "ఎట్లుండా?" అన్నాను. "శెనక్కాయ మూట మాదిరి ఉండావు," అన్నాడు. "సరే," అన్నాను ఈసారి నేను.

దూకాను. ఇన్నేళ్ళ తర్వాత మా బావిలోకి దూకాను.

మునగలేదు. బెండు తేలినట్టు వెల్లకిలా తేలాను. లోపలున్న గాలి పోవడానికి మేమే దారి లేకుండా చేశాం. పొట్ట ఉబ్బి ఆకాశం వైపు లేచింది. తిరగబడదామంటే వీపు తిరగదు, కాళ్ళు తన్నుదామంటే గాల్లో ఉన్నాయి. మునకలో పేరు మోసిన గంగాధర తన బావిలో తాను మునగలేక గుండ్రంగా తిరుగుతున్నాడు.

"కొల్లప్పా, ఆ దోటితో నన్ను కిందికి తొయ్యి."

"సరే," అని గొర్రెలకు ఆకు కోసే పొడుగాటి దోటి తెచ్చి, మొద్దు వైపున నా పొట్ట మీద పెట్టి బలమంతా వేసి నొక్కాడు. లోపలి గాలంతా ఒక్కసారి గొంతు దగ్గరికి వచ్చి, మెడ పట్టీ తెంచుకుని బయటపడింది. ఆ దారినే చన్నీళ్ళు లోపలికి వచ్చాయి. గొంతు, రొమ్ము, పొట్ట.

బావినీళ్ళు నా ఒంటికి తగిలాయి.

మీరు నమ్మండి, నమ్మకపొండి, నాకు చలి తెలియలేదు. మారక్క ఒక్కటే తెలిసింది. మెట్లు పట్టుకుని ఎట్లా పైకొచ్చానో తెలియదు. "ఫోన్ చెయ్యి, మా ఇంటికి ఫోన్ చెయ్యి," అని అరిచాను. కొల్లప్ప చేశాడు. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. వాడి మొహంలో 'సరే' కూడా లేదు.

పరుగెత్తాను. చీలమండల దగ్గర పట్టీలు గట్టిగా ఉన్నాయి కాబట్టి లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోవు. కాలుకో బిందె కట్టుకున్నట్టు ఉంది. అడుగేస్తే ఒంట్లో బావి కదులుతోంది. పాల డైరీ ముందు నిలబడ్డ కరియమ్మ నన్ను చూసి, "సోలార్ కంపెనీవాళ్ళు కొత్త మిషను తెచ్చినట్లుండారు, డ్రైవరు ల్యాకుండానే పోతాండాది," అని పక్కామెకు చూపించింది. ఆగి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇంట్లోకి వెళ్ళాను. కుట్టుమిషను పక్కన చాప మీద మారక్క పడుకుని ఉంది. కళ్ళు మూసుకుంది, ఒక చెయ్యి చాప అవతల వాలిపోయి ఉంది. పక్కనే ఫోను.

"మారక్కా."

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. "మారక్కా, లేయ్ మే. నేనే చేసినా, నేనే చేసినా. ఒక్క మునక కోసం నిన్ను పొట్టన పెట్టుకుంటినే. నువ్వు ల్యాకపోతే ఈ ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు ఎవరుండారు? నువ్వు చేసే బొరుగుల ఒగ్గాణి బాగల్యా అని దినామూ అంటిని కదా, అంతా అబద్ధం మే. బాగుందంటే పక్కింటోళ్ళకు కూడా పెడ్తావని అట్ల చెప్పినా. నీ అంత బాగా ఎవురూ చెయ్యరు. నువ్వు కుట్టిన చొక్కా వేసుకుంటేనే నేను మనిషి మాదిరి కనపడ్తా. నాకు నువ్వు తప్ప ఎవురుండారు మే, లేయ్." ముక్కు, కళ్ళు, సూటు, అన్నీ కలిసి కారుతున్నాయి.

"ఇంగా?" అంది మారక్క, కళ్ళు తెరవకుండానే.

నేను చటుక్కున వెనక్కి జరిగాను, సూటులో నీళ్ళు గుబుక్కుమన్నాయి.

"ఆపేసినావేంది? నాలో ఇంగేమేమి బాగుంటాయో చెప్పు. ఇన్నేండ్లకు మొదలుపెట్టినావు, విందామని పడుకోనుండా."

నేను ఏడుపు ఆపలేకపోయాను. ఈసారి ఏడ్చింది వేరే ఏడుపు. ఆమె లేచి కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చాప తడిపేసినావు," అంది.

"నువ్వు బతికే ఉండావు కదా."

"నిద్ర పోయేదానికి కూడా నీ ఒట్టు అడ్డమా? బావి నిండిన దినమే ఆ ఒట్టు తీసేసినా. గట్టు మీదికి పోయి, గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చి, నా మాట నేనే వెనక్కి తీసుకున్నా అని చెప్పొచ్చినా."

"నాకు చెప్పల్యా?"

"చెప్తే నువ్వొక్కడివే పోయి మునుగుతావు. చెప్పకపోతే నన్ను అడిగేదానికి వస్తావు, అప్పుడు నేనూ నీతో వద్దామనుకుంటి. నువ్వు అడగల్యా. చీలమండ కొలిపించుకున్నావు."

నేను సూటు వైపు చూసుకున్నాను. "మరి ఇది ఇంత లూజు ఎట్లైంది? నువ్వే కదా కొలిచింది."

"నేను యాపొద్దన్నా ఒళ్ళు కొలత చెప్పినానా? బట్ట కొలత చెప్తా. కూచుంటే కుట్లు పిగలకుండా, అన్నం తిన్నాక ఊపిరాడేట్లు, లూజు కలిపి చెప్తా. నా నోటికి అదే అలవాటు." తడిసిన చాప అంచు పిండింది. "ఆ సూట్ల అంగడి పిల్ల ఫోన్ చేసింది, నువ్వు ఇంట్లో ఫోన్ మర్చిపోయి డ్యూటీకి పోయిన దినం. బరువుకూ ఛాతీకీ పొంతన కుదరల్యా, ఇవి ఒంటివా బట్టవా అని అడిగింది. సూటు సంగతంతా చెప్పింది. లూజైతే ఏమైతాదమ్మా అన్నా. గాలి నిలబడి పైకి తేలుతారు, మునగలేరు మేడం అనింది."

"నువ్వేమన్యావు?"

"ఒంటివే, అట్లనే పంపించమ్మా అన్నా."

ఇంత దూరం నేనే నడిపాననుకున్న పథకం అది. నన్ను తేల్చడానికి ఆమె మధ్యలోనే మూడు అంగుళాలు అటు ఇటుగా సర్దేసింది. చిన్నపిల్లాడిలా తల వంచుకుని కూర్చున్నాను. ఆమె కత్తెర తెచ్చి చీలమండల పట్టీలు కోసింది. ఇల్లంతా మా బావి.

"ఇప్పుడడుగుతా మే," అన్నాను. "బావిలోకి దిగేదా?"

"అడిగేదానికి ఇంత నీళ్ళు మోసుకొచ్చినావా? పద," అంది.

పొద్దు వాలే వేళకు వెళ్ళాం. నా పరుగు చూసినవాళ్ళంతా గట్టు మీదికి వచ్చేశారు, కరియమ్మ అయితే పాల క్యాను కూడా దింపలేదు. సూటు లేదు, మామూలు నిక్కరు. మారక్క షెడ్డులోంచి ఒక తాడు తెచ్చి నా నడుముకు కట్టింది. వద్దన్నాను. చూసిన చూపుకు ఊరుకున్నాను.

మునిగాను. నీళ్ళు మొహానికి తగలగానే నవ్వొచ్చింది, అందులో కొంత ఊపిరి పోయింది. కిందికి వెళ్ళాను, ఇంకా కిందికి. చెవులు నొప్పి, గుండెలో సమ్మెట. రాయి అందేట్టు లేదు. ఇక ప్రాణం పోతుందనిపించాక పైకొచ్చి, గట్టు పట్టుకుని రొప్పుతూ అడిగాను, "ఎంతసేపున్నా?"

"నేను కొంగు దోపుకునే లోపల వచ్చేసినావు," అంది మారక్క. "దీనికా ఇన్నేండ్లు నా తల తాకట్టు పెట్టి కూచునింది?"

గట్టంతా ఒకటే నవ్వు. కొల్లప్ప కూడా నవ్వాడు. ఏం చేస్తాను, నేనూ నవ్వాను.

"ఇంగోతూరి మునుగప్పా," అంది. "ఈతూరి కొంచెం సేపుండు. ఇంతమంది వచ్చినారు, నేను భయపడేదానికైనా సమయం ఇయ్యాల కదా."

మళ్ళీ మునిగాను. ఎంత బిగబట్టినా అంతే. నేను తల పైకెత్తేసరికి ఆమె నా వైపు చూడటం కూడా లేదు, అటు తిరిగి పాల వెన్న శాతం గురించి కరియమ్మతో వాదులాడుతోంది. తాడు మాత్రం మణికట్టుకు చుట్టలు చుట్టలుగా చుట్టుకుని, వేళ్ళు తెల్లబడేట్టు పట్టుకుని ఉంది. నేను చూశానని ఆమెకు తెలియదు. మీరు కూడా చెప్పకండి.